పద్దెనిమిది నిండగానే హోమ్ నుంచి పంపేయడమేనా?

బెజవాడ బాబాయ్: మా షాపులో ఓ కుర్రాడు చేరాడు, అనాథల హోమ్‌లో పెరిగినోడు. పద్దెనిమిది నిండాయని ఓ రేకు పెట్టె, టెన్త్ మార్కుల లిస్టు చేతిలో పెట్టి పంపేశారట. ఏటీఎం ఎలా వాడాలో తెలీదు. రెండు చొక్కాలు, ఒక దుప్పటి. ఇదేం పద్ధతండీ?

చట్టం చదివినోడు: పంపేసి చేతులు దులుపుకోమని ఎక్కడా లేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, 46వ సెక్షన్ చూడండి. హోమ్ నుంచి బయటికొచ్చాక ఇచ్చే సాయం, అంటే ఆఫ్టర్‌కేర్, 21 ఏళ్ల దాకా. 2016 నియమాల ప్రకారం మరీ అవసరమైతే 23 దాకా. కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4000 రూపాయలు.

వరంగల్ అమ్మాయి: నేను 2017లో బయటికొచ్చా. ఆఫ్టర్‌కేర్ అనేదొకటుందని మా వార్డెన్ మేడం ఒక్కసారీ చెప్పలేదు. గది అద్దెకు అడిగితే ఓనరమ్మ "మీ నాన్న నంబరివ్వు" అంది. లేరన్నా. "బాబాయో మామయ్యో?" లేరన్నా. "అయితే వద్దులేమ్మా" అని గేటేసుకుంది.

చట్టం చదివినోడు: దరఖాస్తు పెట్టుకున్నారా?

వరంగల్ అమ్మాయి: ఉందని తెలిస్తే కదా పెట్టుకోడానికి!

లెక్కల మాస్టారు: అనాథలకు మన దగ్గర బీసీ-ఏ రిజర్వేషన్ ఉంది. మహారాష్ట్ర 2018లో ఒక శాతం ఇచ్చింది. ఇంకేం కావాలి?

వరంగల్ అమ్మాయి: బీసీ-ఏలో పదేళ్లలోపే తల్లిదండ్రులు పోయి ఉండాలి మాస్టారూ. నాన్న పోయేసరికి నాకు ఎనిమిది, అమ్మ పోయేసరికి పదకొండు.

లెక్కల మాస్టారు: ఎక్కడో ఓ చోట గీత గీయాలిగా.

బాటసారి: కోవిడ్‌తో అమ్మానాన్నా ఇద్దరూ పోతే కేంద్రం పీఎం కేర్స్ పథకం కింద 23 ఏళ్లకు 10 లక్షలు. టీబీతో పోతే సున్నా. ఇదీ గీతేనా?

లెక్కల మాస్టారు: నేను మాట్లాడేది రిజర్వేషన్ గురించి.

దాత గారు: అందరినీ ఒకే గాటన కట్టకండి. మేమూ ఒక హోమ్ నడుపుతున్నాం. ఆడపిల్లల్ని రోడ్డున పడేయలేదు. మొన్న మాఘమాసంలో ముగ్గురికి పెళ్లిళ్లు చేశాం. మంచం, బీరువా, అర కాసు బంగారం. సొంత తండ్రి మాత్రం ఇంతకంటే ఏం చేస్తాడు?

వరంగల్ అమ్మాయి: అడుగుతాడు సార్. కనీసం "నీకిష్టమేనా" అని అడుగుతాడు. నాకూ చూశారు ఇలాగే. ఇంటర్ పరీక్షలు అయ్యీ అవకముందే ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఆయనకు ముప్పై నాలుగేళ్లు, రెండో పెళ్లి. నర్సింగ్ చదువుతానంటే "ఎన్నాళ్లు మేపాలి?" అన్నారు. నా తర్వాత వరసలో ఉన్న పిల్ల తలూపింది. ఇప్పుడు మొగుడు కొట్టినప్పుడల్లా "పో, మీ పుట్టింటికి పో" అంటాట్ట.

దాత గారు: ఒక్క సంబంధం చెడితే అన్నీ అంతేనా? పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా అన్నం పెట్టిన చెయ్యి తల్లీ అది. కాస్త విశ్వాసం ఉండాలి.

వరంగల్ అమ్మాయి: అన్నం పెట్టారు, దండం. దానికి బదులుగా నన్ను ఎవరికివ్వాలో మీరు తేల్చడం కుదరదు. పద్దెనిమిదా ఇరవై మూడా అని పొద్దున్నించీ కొట్టుకుంటున్నారు. నా గొడవ వయసు గురించి కాదు. మా బతుకుల సంగతి మమ్మల్ని తప్ప అందర్నీ అడుగుతారు. బాబాయ్ గారూ, మీ కుర్రాడి జీతం ఎవరి దగ్గరుంది?

బెజవాడ బాబాయ్: నా దగ్గరే దాస్తున్నానమ్మా. తాగి తగలేస్తాడేమోనని...

వరంగల్ అమ్మాయి: తాగుతాడా?

బెజవాడ బాబాయ్: ఇప్పటిదాకా లేదు.

చట్టం చదివినోడు: వాడికి 21 దాటలేదు కాబట్టి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఆఫ్టర్‌కేర్‌కు అర్జీ పెట్టించండి. హోమ్ నుంచి విడుదల కాగితం కావాలి. ముందు వాడి పేరుతో బ్యాంకు ఖాతా తెరిపించండి.

దాత గారు: ఆ ముగ్గురిలో ఇద్దరు సుఖంగానే కాపురం చేసుకుంటున్నారు. అది మాత్రం ఎవరూ రాయరు.

బాటసారి: మూడో అమ్మాయి సంగతేంటి సార్?