మా అబ్బాయి కొనుక్కోవాలనుకున్న ప్లేస్టేషన్‌కు 50 డాలర్లు ఎవరు పెంచారు?

ప్రశ్న: ఫ్రిస్కో అమ్మ, 2025 ఆగస్టు 31

మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. మా అబ్బాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. టీవీకి తగిలించి ఆడుకునే సోనీ ఆట యంత్రం, ప్లేస్టేషన్ 5 కావాలని అడిగితే, మొత్తం నువ్వే సంపాదించుకుని కొనుక్కో అన్నాం. అప్పటి నుంచి మా వీధిలో రెండిళ్లవాళ్ల కుక్కలను నడిపిస్తున్నాడు. ఒక నడకకు 5 డాలర్లు. ఈ ఎండలకు పగలు కాలిబాట మీద కుక్కలు కాలు పెట్టలేవు కాబట్టి పొద్దున్నే ఆరున్నరకు వెళ్లేవాడు.

డిస్కు పెట్టే చోటు లేని రకం ధర అప్పటికి 449.99 డాలర్లు. మా ఊళ్లో అమ్మకం పన్ను 8.25 శాతం కలిపితే 487.11. ఆగస్టు 20 రాత్రికి వాడి డబ్బాలో 435 ఉన్నాయి. ఇంకా పదకొండు నడకలు అని కాగితం మీద గళ్లు గీసి ఫ్రిజ్‌కు అంటించుకున్నాడు. మర్నాడు ధర 499.99 అయింది. పన్నుతో 541.24. పదకొండు గళ్లు ఇరవై రెండయ్యాయి.

వాడు ఏడవలేదు. "అమ్మా, ఎవరు పెంచారు?" అని మాత్రం అడిగాడు. ఈ ఏడాది అధ్యక్షుడు ట్రంప్ దిగుమతుల మీద వేసిన సుంకాలే కారణమన్నారు మావారు. కంపెనీల అత్యాశ అన్నాడు మా మరిది. భోజనాల దగ్గర ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు, వాడి ప్రశ్న అలాగే ఉండిపోయింది. నేను లేచి ఇంట్లో ఉన్న పాత బిల్లులు తీసి చూశాను. అమ్మకం పన్ను సెంట్లతో సహా అచ్చయి ఉంది. దిగుమతి సుంకం అన్న మాటే ఎక్కడా లేదు. పిల్లవాడు తెల్లవారకముందే లేచి సంపాదించిన డబ్బులో ఎవరికి ఎంత వెళుతోందో వాడికి తెలియవద్దా?

ఇంకొక సంగతి. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చి, 2002లో 199కి దిగింది. వస్తువు పాతబడితే చవకవుతుందనే మనం ఎరుగుదుం. 2020 నవంబరులో 399కి వచ్చిన ఈ డిస్కు లేని యంత్రం అయిదేళ్లు తిరక్కుండానే 499 కావడం ఏమిటి? ఇప్పుడే కొనమనాలా, ఆగమనాలా?

జవాబు: రేవు లెక్కలు, న్యూజెర్సీ

అమ్మా, నేను పదహారేళ్లుగా కస్టమ్స్ బ్రోకర్ దగ్గర, అంటే దిగుమతి సరుకుకు సుంకం కాగితాలు చూసేవాళ్ల దగ్గర పనిచేస్తున్నాను. మీ బాబుకు ఇలా చెప్పండి. సుంకం కట్టేది చైనా కాదు, వియత్నాం కాదు. సరుకు తెప్పించుకునే అమెరికా దిగుమతిదారు కడతాడు. అదీ దుకాణంలోని ధర మీద కాదు, రేవులో చూపిన విలువ మీద. 300 డాలర్లని చూపిన వస్తువుకు 20 శాతం రేటు ఉంటే 60 డాలర్లు. ఆ 60లో కంపెనీ ఎంత తానే భరిస్తుంది, కొనేవాడి మీద ఎంత వేస్తుంది అన్నది వాళ్ల లోపలి లెక్క. అందుకే బిల్లు మీదకు రాదు.

చైనా సరుకు మీద రేటు ఏప్రిల్‌లో 145 శాతం దాకా వెళ్లి, మే నెలలో 30కి దిగింది. ఏప్రిల్ 11న ఫోన్లకు, కంప్యూటర్లకు పరస్పర సుంకాల నుంచి (మన సరుకు మీద ఇతర దేశాలు వేసేవాటికి బదులని చెప్పి వేసినవాటి నుంచి) మినహాయింపు ఇచ్చారు. ఆట యంత్రాలకు ఇవ్వలేదు. ఒకే రకం చిప్పులున్న రెండు పెట్టెలకు రెండు న్యాయాలు! ఆ నెలాఖరులోనే, అమెజాన్ సుంకాన్ని ధర పక్కన చూపించబోతోందని వార్త వస్తే వైట్‌హౌస్ దాన్ని శత్రుత్వంతో చేసే రాజకీయ చర్య అంది. అలాంటి నిర్ణయం లేదని అమెజాన్ ఆ రోజే చెప్పింది. మీరు బిల్లులో వెతికిన ఆ సుంకం వరుస అచ్చవడానికి అంత దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

జవాబు: ఆస్టిన్ ఇంజనీరు

సుంకాల ప్రభావం ఉంది, కానీ మొత్తం నెపం వాటి మీదే వేస్తే పిల్లవాడికి సగం నిజమే చెప్పినట్టు. సోనీ 2022 ఆగస్టులోనే ఐరోపాలో, జపాన్‌లో, కెనడాలో ధర పెంచింది. అప్పుడు అమెరికాలో పెంచలేదు. అప్పటికి ఈ సుంకాలు లేవు. ఇప్పటి పెంపుకు కూడా కష్టమైన ఆర్థిక పరిస్థితులనే చెప్పింది గాని సుంకం పేరు ఎత్తలేదు. పాత రోజుల్లో చిప్పు ఏటేటా చిన్నదవుతూ, దాంతోపాటు చవకవుతూ వచ్చేది. ప్లేస్టేషన్ 2 ధర దిగడానికి అదొక పెద్ద కారణం. ఇప్పుడు చిన్నదైనా అంతగా చవక కావడం లేదు.

కొనడం సంగతికి వస్తే, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాకా ఆగమనండి. నిరుడు ఆ వారంలో ఇదే యంత్రం 374.99కి వచ్చింది.

జవాబు: మిషిగన్ పెద్దాయన

చెల్లెమ్మా, నాది వేరే మాట. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆ పని దేశం దాటిపోయిన రోజున మా షిఫ్టులో మగవాళ్లు పార్కింగ్‌లో నిలబడి ఏడ్చారు. ఇక్కడ మళ్లీ ఫ్యాక్టరీ తెరుచుకుంటుందంటే నేను 50 డాలర్లు ఎక్కువ ఇస్తాను, మనస్ఫూర్తిగా ఇస్తాను. కానీ పదమూడేళ్ల పిల్లవాడి చేత చెప్పకుండా ఇప్పించడం నాకూ నచ్చలేదు. మంచి పనికోసం అడిగే డబ్బయితే పేరు పెట్టి అడగాలి.

జవాబు: రేవు లెక్కలు

పెద్దాయన మాటకు ఒక చేర్పు. సుంకాలు విధించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది. 1977 నాటి అత్యవసర అధికారాల చట్టాన్ని చూపి అధ్యక్షుడే ఇవి వేశారు. మొన్న శుక్రవారం, ఆగస్టు 29న, ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ చట్టం ఇంత అధికారం ఇవ్వదని 7–4 ఓట్లతో తీర్పు చెప్పింది. అయితే అక్టోబరు 14 వరకు ఆ తీర్పు అమలు కాకుండా ఆపింది, అందాకా సుంకాలు వసూలు చేయవచ్చు. ఎనిమిదో తరగతిలో ఎలాగూ అమెరికా చరిత్ర చదువుతాడు కదా, బాబుకు ఇది చూపించండి.

జవాబు: బెజవాడ కుర్రాడు

అక్కా, ఇక్కడ ప్లేస్టేషన్ 5 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చింది, మరుసటి ఏడాది చివర్లో 54,990 అయింది. నా బిల్లు ఇప్పుడే తీసి చూశాను. జీఎస్టీ ఉంది, దిగుమతి సుంకం లేదు. ఇన్నాళ్లూ అది గమనించనే లేదు. అమెరికాలో అన్నీ చవకని మా బావ సూట్‌కేసులో ఏదో ఒకటి తెమ్మని అడుగుతూ ఉండేవాళ్లం. ఈసారి అడగను.

ఫ్రిస్కో అమ్మ, 2025 నవంబరు 23

అందరికీ నమస్కారం. ఆగమన్న మాట విన్నాం. ఈ వారం 399 డాలర్లకు వచ్చింది, పన్నుతో 431.92. వాడి డబ్బాలో ఆగస్టులోనే అంతకంటే ఎక్కువ ఉంది! అయినా నడకలు మానలేదు, నిన్న కొనే ముందు లెక్కపెడితే 590.

మీ జవాబులన్నీ తెలుగులో చదివి వినిపించాను. కొన్ని మాటలు ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చింది. మిషిగన్ పెద్దాయన రాసిన పార్కింగ్ సంగతి మావాడు మళ్లీ చదవమన్నాడు. తర్వాత మా కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాశాడు. సుంకం ఉండాలా వద్దా అని అందులో లేదు, బిల్లు మీద అచ్చు వేయించమని మాత్రమే అడిగాడు. నిన్నటి బిల్లుకు నకలు తీసి, అమ్మకం పన్ను కింద పెన్సిల్‌తో ఒక గీత గీసి, దాని పక్కన ఖాళీ వదిలి ఉత్తరానికి జతచేశాడు. రేపు పోస్టు చేస్తాం.