శరసాయకమా, శరసాగరమా?

నల్లకుంటవాసి: చిన్నప్పుడు తాతయ్య చదరంగం పలక ముందు కూర్చోబెట్టి చదివిన చంపకమాల రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది.

శరశశి షట్క చంద్ర శరసాగర రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇక్కడ ఆగిపోతున్నాను. తరవాతది ఎవరికైనా వచ్చా?

సీసమాలిక: తెలుగులో లెక్కల పుస్తకం రాసిన కవి పావులూరి మల్లన పద్యం. కానీ అది 'శరసాయక' అండీ!

నల్లకుంటవాసి: తాతయ్య సాగరమనే చదివేవారు. గణాలు సరిపోయాయి, శ-సా యతీ సరిపోయింది. ఇంకేం కావాలి?

లెక్కల మాస్టారు: ఛందస్సు వదిలేసినా లెక్క వదలదు బాబూ. ఈ పద్యంలో ఒక్కో మాట ఒక్కో అంకెకి గుర్తు: సాయకం అంటే బాణం, 5; సాగరం 4. తేడా లక్షల స్థానంలో పడుతుంది. వెనక నుంచి చదివితే 1,84,46,74,40,73,70,95,51,615 రావాలి. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తరవాత గడిగడికీ రెట్టింపు పెడుతూ పోతే 64 గళ్ల గింజలన్నీ కలిపి అంతే. రెండుని 64 సార్లు వేసి గుణించి ఒకటి తీసేసిన సంఖ్య కాబట్టి మూడుతో తెగి తీరాలి. అంకెల మొత్తం 87, తెగింది. సాగరం పెట్టి చూడండి, 86.

కోఠి పాఠకుడు: సాగరాలు ఏడు కదా మాస్టారూ?

లెక్కల మాస్టారు: అయితే 89. అదీ తెగదు.

సీసమాలిక: మూడుని మరీ నమ్మకండి. రెండో పాదంలో అబ్ధిని, అంటే సముద్రాన్ని, ఏడు చేస్తే మొత్తం 90, హాయిగా తెగుతుంది. సంఖ్య మాత్రం తప్పు! 17తో భాగిస్తే దొరికిపోతుంది.

లెక్కల మాస్టారు: 17 ఒక్కటేనా? 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఈ ఏడింటి లబ్ధమే ఆ సంఖ్య. 641ని గణితవేత్త ఆయిలర్ పట్టుకున్నాడు.

కోఠి పాఠకుడు: నాకు లెక్కకన్నా పర్యాయపదాలే ముద్దొస్తున్నాయి. ఒకటి మూడుసార్లు వస్తే శశి, చంద్ర, తుహినాంశు. ఏడుకి నగ, భూధర, గిరి. చెప్పిన మాట మళ్లీ చెప్పని కవి మల్లన. సాయకమే అనడానికి ఇది చాలు.

సీసమాలిక: 'శర' రెండుసార్లుంది, చూసుకోండి :) అయినా ఈ విద్యలో నన్నయ తరవాతే ఎవరైనా. 'వరరథ మొక్కండు వారణ మొక్కండు' సీసంలో పత్తి అనే చిన్న సేనాదళం నుంచి అనీకిని అనే పెద్ద దళం దాకా ఏడు మెట్లు, మెట్టుకి మూడింతలు, చివర అక్షౌహిణికి పదింతలు. అక్షౌహిణికి రథాలు 21,870. నిఘంటువు తెరవక్కర్లేదు, చదువుతుంటేనే సేన కళ్ల ముందు పెరుగుతుంది.

కోఠి పాఠకుడు: మల్లనది పొడుపుకథ. దాన్ని సీసంతో తూచకండి.

నల్లకుంటవాసి: సాయకమే, ఒప్పుకున్నా. తాతయ్యకి మాత్రం చెప్పను. ఇంతకీ నాలుగో పాదం?

సీసమాలిక: 'చతురంగ గేహ' అని ఎక్కడో వస్తుందండీ.

లెక్కల మాస్టారు: అది తరవాత. తర్కం ఆరు ఎలా అయింది, ముందు అది చెప్పండి.

కోఠి పాఠకుడు: దర్శనాలు ఆరు కదా...