1984 హన్మకొండ గెలుపు యువ మోర్చాదేనా?

సుబేదారి వాసి:
1984 ఎన్నికల్లో హన్మకొండ లోక్‌సభ స్థానంలో పి.వి. నరసింహారావు గారిని చందుపట్ల జంగారెడ్డి గారు ఓడించిన ఘనత భాజపా యువజన విభాగమైన భారతీయ జనతా యువ మోర్చాకే చెందుతుందని మొన్న ఒక సభలో విన్నాను. దేశమంతటా భాజపాకు దక్కినవి రెండే స్థానాలు, అందులో ఒకటి మనది. పెద్దలు ఏమంటారు?

పరకాల పాఠకుడు:
నేను ఒప్పుకోను. పార్టీయే 1980 ఏప్రిల్ 6న పుట్టింది, ఇక మోర్చా వయసెంత? జంగారెడ్డి గారు భాజపాకు ముందున్న జనసంఘ్ రోజుల నుంచే మా పల్లెల్లో తిరిగిన మనిషి, 1967లోనే పరకాల నుంచి శాసనసభకు వెళ్లారు. దానికి తోడు, ఆ ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించినందుకు జనంలో రగిలిన కోపమూ, తెలుగుదేశంతో కుదిరిన సర్దుబాటూ కలిసివచ్చాయి. యువజన విభాగం చరిత్రను గొప్పగా చెప్పుకోవాలంటే, జనతా పార్టీ రోజుల్లో (1977–80) రాష్ట్ర యువజన విభాగాన్ని వెంకయ్యనాయుడు గారు నడిపిన సంగతి నుంచి మొదలుపెట్టండి.

హన్మకొండ పాతకాపు:
అయ్యా, మీ లెక్కలో ఒక తేడా ఉంది, సభలో మాట్లాడినవారి లెక్కలో ఇంకో తేడా ఉంది. ఆ చలికాలంలో మా అన్న సున్నంలో నీలిమందు కలిపి, పుల్లకు గుడ్డ చుట్టి, రాత్రంతా గోడల మీద కమలం గుర్తు గీసేవాడు. తెల్లారేసరికి ముంజేతుల దాకా నీలమే. అయితే అతను మోర్చా సభ్యుడు కాదు, విద్యార్థి పరిషత్ (ఏబీవీపీ అనే విద్యార్థి సంఘం) వాడు. 1949లో మొదలైన పరిషత్, తాను ఏ పార్టీకీ అనుబంధం కాదని ఇప్పటికీ చెప్పుకుంటుంది. కాకతీయ విశ్వవిద్యాలయంలో నక్సలైటు భావాల రాడికల్ విద్యార్థులతో ఢీకొన్నదీ ఆ పరిషత్తే. ఆ కష్టాన్ని తెచ్చి మోర్చా ఖాతాలో రాయడం నాకు సబబుగా తోచదు.

పరకాల పాఠకుడు:
అంటే మోర్చాకు ఏమీ మిగలదా?

హన్మకొండ పాతకాపు:
మిగులుతుంది. 2002లో మోర్చా జాతీయ అధ్యక్షుడైన కిషన్‌రెడ్డి గారి పేరు అందరూ చెబుతారు, నేను చెప్పేది అది కాదు. చదువు మధ్యలో ఆపేసి బట్టల కొట్టులో గుమస్తాగానో, వరంగల్ అజంజాహి బట్టల మిల్లులోనో చేరిన కుర్రాడికి విద్యార్థి సంఘంలో చోటెక్కడిది? అతనికి పార్టీలోకి ఉన్న వాకిలి మోర్చాయే. మా వాడలో పోలింగు రోజున పొద్దున్నుంచి ఏజెంటుగా కూర్చున్నది అటువంటి కొట్టు గుమస్తాయే. ఆ రోజు కూలి అతనికి పోయింది.