చిన్న చీరల షాపు వెబ్‌సైట్‌లో క్యాష్ ఆన్ డెలివరీ ఉంచాలా, పీకేయాలా?

వన్‌టౌన్_చీరలు
అందరికీ నమస్కారం. మాది విజయవాడ వన్‌టౌన్‌లో చిన్న షాపు. మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతాం. సొంత వెబ్‌సైట్ పెట్టించాం, లింకు నా ప్రొఫైల్‌లో ఉంది. ఆర్డర్లు వస్తున్నాయి కానీ ఎక్కువ భాగం సీఓడీయే. తీరా పార్శిల్ గుమ్మం ముందుకెళ్లాక వద్దంటారు, లేదా ఫోన్ ఎత్తరు. పోను రాను కొరియర్ ఖర్చు మా నెత్తినే. చీర మడతలు నలిగి వస్తే మళ్లీ రోలింగ్‌కి పంపాలి. "ఆ సీఓడీ పీకి పారెయ్" అంటున్నారు నాన్నగారు. తీసేస్తే ఉన్న అమ్మకాలు కూడా పోతాయేమోనని నాకు టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

బ్రాడీపేట_కుర్రాడు
మీ నాన్నగారే కరెక్ట్ అన్నా. టీ కొట్టులో పది రూపాయలకి కూడా స్కాన్ చేసే రోజులివి. 2020 జనవరి నుంచి యూపీఐ మీద ఎండీఆర్, అంటే షాపువాళ్ల దగ్గర బ్యాంకులు తీసుకునే చార్జీ, కూడా లేదు. ముందు డబ్బు కట్టనివాడు కొనేవాడే కాదు, ఊరికే చూసిపోయేవాడు. వాడి కోసం కొరియర్‌కి ఎందుకు కడతారు?

సత్తెనపల్లి_అక్క
బాబూ, నేను ఎప్పుడూ సీఓడీయే పెడతాను, ఊరికే చూసిపోయేదాన్ని కాదు. టీ కొట్టాయన నా ఎదురుగా ఉంటాడు, టీ బాగోకపోతే అక్కడే అడుగుతాను. వెబ్‌సైట్ వెనక ఎవరున్నారో నాకేం తెలుసు? ఒకసారి ఫోన్‌లో చీరలు చూపించే పేజీ ఒకదానికి ముందే డబ్బు కట్టాను. చీర రాలేదు, అడిగితే బ్లాక్ చేశారు. ఇప్పుడు వన్‌టౌన్ వాళ్ల సైట్ కూడా చూశాను. షాపు ఏ వీధిలో ఉందో ఎక్కడా రాయలేదు. ఒక మొబైల్ నంబరు, అంతే. ఎలా నమ్మమంటారు?

కృష్ణలంక_పార్శిల్
అక్క చెప్పింది వినండి. చిన్న షాపుల సైట్లు, పార్శిళ్ల పని చూడటమే నా వృత్తి. మీ సైట్ మొత్తం తిరగేశాను. సీఓడీ సంగతి తర్వాత, ముందు సరుకు పేజీ చూద్దాం.

"మంగళగిరి కాటన్ శారీ, గ్రీన్" అని రాశారు. ఏ గ్రీన్? చిలకాకుపచ్చా, నాచు రంగా, మామిడి పిందె రంగా? మంగళగిరి చీరకి ఒళ్లంతా సాదాగా ఉంటుంది, అందం అంతా రంగులోనూ నిజాం అంచులోనూ ఉంది. మీ ఫొటోలేమో ట్యూబ్‌లైట్ కింద తీసినవి, అంచు పూర్తిగా కనపడటం లేదు. ఇంటికొచ్చిన చీర ఫోన్‌లో చూసిన రంగులో లేకపోతే వద్దనక ఏమంటారు? పగటి వెలుతురులో, నీడపట్టున, తెల్ల గుడ్డ పక్కన పెట్టి తీయండి. అంచు వెడల్పు తెలిసేలా స్కేలు పెట్టి ఒకటి, కొంగు ఒకటి తీయండి. జాకెట్ ముక్క ఉందా లేదా, చీర పొడవెంత, మొదటిసారి చల్లనీళ్లలో విడిగా ఉతకాలా, ఇవన్నీ తెలుగులోనే రాయండి.

రెండోది డబ్బా. మీరు పంపుతున్న అట్టపెట్టె ఫొటో చూశాను, సుమారు 40×30×10 సెంటీమీటర్లు ఉంటుంది. కొరియర్ వాళ్లు మామూలుగా ఆ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తారు. అంటే మీ డబ్బాని 2.4 కిలోల బరువు కింద లెక్కేస్తారు. లోపల ఉన్న చీర అర కిలో! ఖాళీ గాలికి చార్జీ కడుతున్నారు, అదీ పార్శిల్ తిరిగొస్తే రెండుసార్లు. చీరని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గట్టి కొరియర్ సంచిలో పంపితే చాలు.

ఇక సీఓడీ. పూర్తిగా తీయొద్దు. 200 రూపాయలు ముందు కట్టించుకుని మిగతాది ఇంటి దగ్గర తీసుకోండి. ఆర్డర్ పడగానే వాట్సాప్‌లో ఆ చీరదే పగటి వెలుతురు ఫొటో పంపి "పంపించమంటారా?" అని అడగండి. జవాబొచ్చాకే ప్యాకింగ్. పార్శిళ్లు తరచూ తిరిగొచ్చే పిన్‌కోడ్లకి మాత్రం సీఓడీ ఆపేయండి. "రామాలయం వెనక వీధి" అని మాత్రమే అడ్రస్ రాసినవాళ్లకి ఒక ఫోన్ కొడితే సగం గొడవ తీరుతుంది.

బ్రాడీపేట_కుర్రాడు
బానే చెప్పారు గానీ బాస్, ఈ ఫోన్లు, వాట్సాప్‌లు ఎవరు చూస్తారు? షాపులో కస్టమర్ కూర్చుని ఉంటే ఈయన ఆర్డర్ కన్ఫర్మ్ చేసుకుంటూ కూర్చోవాలా? అదంతా చేసేకంటే ముందే కట్టినవాళ్లకి చీర మీద 50 రూపాయలు తగ్గించండి. అందరూ వాళ్లే యూపీఐకి వస్తారు.

సత్తెనపల్లి_అక్క
యాభై రూపాయలకి నమ్మకం వస్తుందా నాయనా!

రిటైర్డ్_గుమస్తా_గుంటూరు
ఎవరూ చూడని విషయం ఒకటుంది. సైట్ అడుగున "నో రిటర్న్, నో రీఫండ్" అని పెద్ద అక్షరాలతో పెట్టారు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకు చెప్పినట్టు లేకపోయినా, లోపం ఉన్నా వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, నంబరు కూడా సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. చిన్న షాపే కదా, ఎవరడుగుతారులే అనుకోకండి.

కుర్రాడికి ఇంకో మాట. ఎండీఆర్ లేకపోయినా, సైట్‌లో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే చాలాచోట్ల వాళ్ల ఫీజు వేరే ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. 50 తగ్గించేముందు ఆ లెక్క కూడా వేసుకోమనండి.

బ్రాడీపేట_కుర్రాడు
ఫీజు ఉంటుంది, ఒప్పుకున్నా. అయినా తిరిగొచ్చే పార్శిల్ ఖర్చు ముందు అదెంత? నా మాట మార్చను. మూడు నెలలు సీఓడీ ఆపి చూడండి, లాభం మిగిలిందో లేదో పుస్తకమే చెబుతుంది. అమ్మకాలు తగ్గినా పర్లేదు, జేబులోంచి పోకుండా ఉంటే చాలు.

వన్‌టౌన్_చీరలు
అందరికీ థ్యాంక్స్. రేపే షాపు బోర్డు ఫొటో, అడ్రస్ పెట్టిస్తాను. ఆ నో రిటర్న్ లైను తీసేస్తాను. డబ్బా సంగతి వినగానే నాన్నగారు పాత బిల్లులు బయటికి తీశారు. సీఓడీ మాత్రం ఆంధ్రా, తెలంగాణలకే ఉంచి, 200 అడ్వాన్స్ పెడదామనుకుంటున్నా. ఒక డౌటు: అడ్వాన్స్ కట్టి, గుమ్మం దగ్గర వద్దంటే ఆ 200 తిరిగివ్వాలా?

కృష్ణలంక_పార్శిల్
మీరు పంపిన చీర ఫొటోలోలాగే ఉండి, మనసు మారి వద్దంటే ఇవ్వక్కర్లేదు, అది కొరియర్ ఖర్చు కింద పోతుందని ఆర్డర్ పెట్టే పేజీలోనే, డబ్బు కట్టే బటన్ పైన రాయండి. తేడా మీ వైపుంటే మాత్రం మొత్తం ఇచ్చేయాలి.

సత్తెనపల్లి_అక్క
అలా ముందే రాస్తే నేను కడతాను. నాచు రంగుది ఉంటే ఫొటో పంపండి, పగటి వెలుతురులోదే.