ప్లంబర్ వాడిన కార్గో వ్యాన్ కొన్నా, నలుగురికి సరిపోయే క్యాంపర్ చేయాలి, సలహాలు కావాలి

ఫ్రిస్కో_బుల్లోడు:
అందరికీ నమస్తే, మాది టెక్సస్ లో డల్లాస్ పక్కన ఫ్రిస్కో. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే ఫస్ట్, తప్పులుంటే సర్దుకోండి. పోయిన నెల ఒక ప్లంబింగ్ ఆయన బిజినెస్ మూసేస్తుంటే ఆయన దగ్గర 2017 ఫోర్డ్ ట్రాన్సిట్ 250 తీసుకున్నా. హై రూఫ్, 148 అంగుళాల వీల్ బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), 1,18,000 మైళ్ళు, 14 వేల డాలర్లు. ఇంటికి తెచ్చిన రోజు నుంచి మా ఆవిడ దాని వైపు చూడట్లేదు, అది వేరే సంగతి.

నా ప్లాన్ ఏంటంటే వెనకాల అడ్డంగా క్వీన్ సైజు మంచం, దానిపైన పిల్లలకి బంక్ (పై మంచం), మధ్యలో ఒక పక్కగా ప్లైవుడ్ తో బెంచీ (కింద స్టోరేజీ వస్తుంది, దానికే బెల్టులు బిగిస్తే ప్రయాణంలో పిల్లలు అక్కడే కూర్చుంటారు), ఇంకో పక్క చిన్న కిచెన్, పైన 400 వాట్ల సోలార్, ఒక ఏసీ. పాపకి 7, బాబుకి 4. సమ్మర్ లో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ళని కూడా ఒకట్రెండు ట్రిప్పులు తిప్పాలని ఆశ. వ్యాన్ కాక 10 వేలు పెట్టగలను, పని అంతా నేనే వీకెండ్స్ లో చేసుకుంటా, యూట్యూబ్ చాలా చూశా. నవంబర్ చివర్లో థ్యాంక్స్ గివింగ్ కి బిగ్ బెండ్ నేషనల్ పార్క్ వెళ్ళాలని టార్గెట్. ముందు ఏది మొదలుపెట్టాలి, ఇన్సులేషనా కరెంటు పనా? ఇంకో డౌట్, గోడలకి ప్లంబర్ షెల్ఫులు పీకేస్తే ముప్పై నలభై బోల్టు రంధ్రాలు తేలాయి, వాటినేం చెయ్యాలి?

ఓరుగల్లు_రైడర్:
కంగ్రాట్స్ అన్నా. నేను డెన్వర్ ల ఉంట, మూడేండ్ల కింద ఇదే బండి ఇట్లనే జేసుకున్న. నువ్వు ఇన్సులేషనా కరెంటా అని అడిగినవ్ గని నాకు ఆ బెంచీ ముచ్చట కాడనే పానం ఆగింది. ఏమనుకోకు, జర గట్టిగనే చెప్త.

కార్గో వ్యాన్ అంటే కంపెనీ లెక్కల ఇద్దరు మనుషుల బండి. ఎన్క ఉన్నది సామాను జాగ. బల్లకు బెల్టు బిగిస్తె అది సీటు గాదు. సీట్ల బండి తయారు జేసేటప్పుడు బెల్టును పట్టుకునే యాంకర్లను (బిగింపులను) పరీక్షిస్తరు, నడుము పట్టీని 3,000 పౌండ్ల జోరుతోటి, భుజం పట్టీని ఇంకో 3,000 తోటి ఒక్కసారే గుంజి చూస్తరు. నీ ప్లైవుడ్ డబ్బ, నాలుగు స్క్రూలు గంత తట్టుకుంటయా? గుద్దినప్పుడు పిల్లగాడు, బెల్టు, బెంచీ అన్ని కలిసి ముందలికి వస్తయ్. ఇంకోటి, పక్కకు తిరిగి ఉన్న సీటు మీద పిల్లల కార్ సీట్ పెట్టొద్దని ప్రతి కార్ సీట్ పుస్తకంల రాసే ఉంటది. మీ టెక్సస్ ల 8 ఏండ్ల లోపు పిల్లలకు, 4 అడుగుల 9 అంగుళాలు దాటనంత వరకు కార్ సీటో బూస్టరో ఉండాల్సిందే, అంటె మీ ఇద్దరు పిల్లలు అందులకే వస్తరు. ముందట ఎయిర్ బ్యాగ్ ఉన్న సీట్ల కూసోబెట్టుడు కూడ మంచిది గాదు.

రెండు తొవ్వలున్నయ్. ఒకటి, క్రాష్ టెస్ట్ అయిన సీటు, దాని బేసు, ఫ్లోర్ రైలు అన్ని ఒకే సెట్టుగ అమ్మేటోళ్ళు ఉన్నరు, వ్యాన్ అప్‌ఫిట్టర్ (వ్యాన్ లోపలి ఫిట్టింగులు జేసే షాపు) దగ్గర వేయించుకో, సొంతంగ పెట్టకు. మూడు పాయింట్ల బెల్టు ఉన్నదా, కార్ సీట్ కొక్కెం, ఎన్క టెథర్ (కార్ సీట్ పైపట్టీ తగిలించే కొక్కెం) ఉన్నయా అడుగు. నాకు రెండు సీట్లకు ఫిట్టింగ్ తోటి 4,300 డాలర్లు పడ్డది. నీ 10 వేలల్ల సగం దగ్గర దగ్గర పాయె అనుకుంటవ్, నేను గూడ గట్లనే అనుకున్న. రెండోది, ఈ బండి అమ్మేసి సెకండ్ హ్యాండ్ ప్యాసింజర్ ట్రాన్సిట్ తీసుకో. చర్చిలోళ్ళు, షటిల్ నడిపేటోళ్ళు అమ్ముతుంటరు. సీట్లు, బెల్టులు, కిటికీలు, ఎన్క దాక ఏసీ అన్ని కంపెనీయే పెట్టి ఇస్తది, నీకు అక్కర్లేని సీట్లు పీకేసుకునుడే. ఇద్దరే తిరిగేటోళ్ళకు కార్గో మంచిది, పిల్లలున్నోళ్ళకు ప్యాసింజర్ దే లాభం, నాకు ఇది ముందుగాల చెప్పినోడు లేకుండె.

సీట్లు పెట్టినంకనే మిగిలిన డ్రాయింగ్. వాటి జాగ తెల్వకుంట మంచం గీస్తె మళ్ళ కొట్టెయ్యాల్సొస్తది.

ఇంకో మాట, 2015 నుంచి 17 దాక వచ్చిన ట్రాన్సిట్ లకు డ్రైవ్ షాఫ్ట్ రబ్బర్ కప్లింగ్ మీద 2017 ల రీకాల్ (కంపెనీ ఎన్కకు పిలిచి బాగుజేసుడు) అయింది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (రోడ్ సేఫ్టీ చూసే సర్కారు సంస్థ) సైట్ ల నీ విన్ (బండి గుర్తింపు) నంబర్ కొట్టు, అది జేశిండ్రా లేదా ఇయ్యాలనే చూస్కో. ప్లంబర్ బండి గదా, ఇంజన్ అవర్స్ గూడ చూడు. 1,18,000 మైళ్ళకు 6 వేల గంటలు ఉంటె సగటున గంటకు 20 మైళ్ళే నడిచినట్టు, అంటె పొద్దుగాల్నుంచి మాపుదాక ఇండ్ల ముందట ఐడిల్ ల నిలబడ్డది.

ఫ్రిస్కో_బుల్లోడు:
అన్నా నిజం చెప్తున్నా ఈ యాంకర్ విషయం నాకు అసలు తట్టలేదు. యూట్యూబ్ లో చూసినవన్నీ భార్యాభర్తలూ ఒక కుక్కా ఉన్న వీడియోలే, అందులో ఎవరూ వెనక కూర్చోరు కదా. విన్ కొట్టా, రీకాల్ పని అయినట్టే చూపిస్తోంది. మీటర్ లో అవర్స్ 5,400 ఉన్నాయి, అంటే 22 చొప్పున. మరీ ఘోరం కాదు అనుకోవచ్చా?

ఓరుగల్లు_రైడర్:
నడుస్తది. ఆయిల్ మార్చు, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ చూపియ్యి, కిందికెళ్ళి తుప్పు చూడు. రంధ్రాలకు అంచుల తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, రబ్బర్ ప్లగ్గో సీలెంటో పెట్టు, ఇన్సులేషన్ కంటె ముందు.

హెచ్‌ఓఏ_బాధితుడు:
ఫ్రిస్కో అంటున్నారు, ముందు మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) కాగితాలు తీసి చదవండి సార్. మా కమ్యూనిటీలో డ్రైవ్ వే మీద ఆర్‌వీ (క్యాంపర్ లాంటి బండి) గానీ కమర్షియల్ బండి గానీ 24 గంటలు దాటి ఉంచకూడదు. నాకు మూడో రోజుకే లెటర్ వచ్చింది, ఫొటోతో సహా. హై రూఫ్ ఎలాగూ గరాజ్ లో దూరదు. ఇప్పుడు నెలకి 95 డాలర్లు కట్టి స్టోరేజ్ లాట్ లో పెడుతున్నా, పనిచేయాలంటే ప్రతి శనివారం డ్రిల్లు, రంపం కార్లో వేసుకుని అక్కడికి పోవడం, సరిగ్గా ఒక స్క్రూ సైజు తక్కువై మళ్ళీ వెనక్కి రావడం. ప్లంబర్ స్టిక్కర్లు ఇంకా పీకకపోతే ఈ రాత్రికే పీకెయ్యండి.

పెసరట్టు_అక్క:
తమ్ముడూ, సీట్ల గురించి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, దాని మీద ఇంకేం చెప్పను. మాది ర్యామ్ కంపెనీ ప్రోమాస్టర్ వ్యాన్, కాలిఫోర్నియాలో ఉంటాం, నలుగురమే.

నీ ఎత్తెంత? ప్రోమాస్టర్ లోపల వెడల్పుగా ఉంటుంది కాబట్టి మావారు అడ్డంగా పడుకుంటారు, ట్రాన్సిట్ లో రేకు నుంచి రేకుకే ఆరడుగులు రాదు, ఇన్సులేషన్, ప్యానెల్ వేశాక ఇంకా తగ్గుతుంది. ఐదడుగుల ఆరంగుళాలు దాటితే కాళ్ళు ముడుచుకోవాలి. నిలువుగా వేసుకో మంచం. నీ బండి వెనక భాగం సుమారు 12 అడుగులు, సీట్లకి మూడున్నర పోయింది, మంచానికి ఆరుంపావు పోయింది, ఇక కిచెన్ కి మిగిలేది రెండుంపావు అడుగులు. అదీ నిజం. అందుకే వంట లోపల పెట్టకు అంటాను.

మేం మొదటి ఏడాది లోపలే స్టవ్ పెట్టాం. ఒక్క పూట సాంబారు పోపు పెట్టా, ఇంగువ వాసన కర్టెన్లకి, పరుపుకి, సీలింగ్ బట్టకి పట్టేసి రెండు నెలలు వదల్లేదు. తర్వాత అన్నీ పీకి వెనక డోర్ దగ్గర బయటికి లాగే సొరుగులో స్టవ్ పెట్టించా, వెనక తలుపులు రెండూ తీస్తే గాలికి అడ్డం, నిలబడి హాయిగా దోశెలు వేసుకోవచ్చు. లోపల ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) ఒక్కటే, అన్నానికి, పప్పుకి. లోపల గ్యాస్ వాడినా వాడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం పెట్టు, హీటర్ పెడితే మరీ ముఖ్యం. ఇడ్లీ పిండి డబ్బా సగమే నింపు, ఎండలో ఆగిన వ్యాన్ లో అది పులిసే స్పీడు నీకు తెలీదు, నేను ఫ్రెస్నో దగ్గర హైవే పక్కన ఆపి కార్పెట్ కడిగా.

నీళ్ళ చెమ్మ గురించి ఎవరూ చెప్పరు. నలుగురు మనుషులు తలుపులేసుకుని రాత్రంతా ఊపిరి పీలుస్తుంటే పొద్దునకి రేకంతా చెమటే. యోసెమిటీలో నవంబర్ లో పడుకుంటే బాబు మొహం మీద సీలింగ్ నుంచి బొట్లు పడ్డాయి. ఇళ్ళకి వేసే పింక్ ఫైబర్ గ్లాస్ వెయ్యకు, తడి పట్టి కుంగిపోతుంది. థిన్సులేట్ (సింథటిక్ ఇన్సులేషన్) లాంటిది వేసి, పైకప్పుకి 14 అంగుళాల ఫ్యాన్ కోసి పెట్టి, చలి రాత్రయినా సరే కాస్త తిప్పుతూ ఒక కిటికీ వేలెడంత తీసి ఉంచు. పరుపు కింద చెక్క పట్టీలు ఎడం ఎడంగా వెయ్యి, ప్లైవుడ్ మీద నేరుగా వేస్తే ఆరు నెలల్లో అడుగున బూజు.

అమ్మానాన్నల విషయం. కొత్త సీట్లలో పిల్లలుంటే వాళ్ళెక్కడ కూర్చుంటారు? ఆరుగురు ఒకే బండిలో అన్నది మర్చిపో, వాళ్ళు వచ్చినప్పుడు నీ మామూలు కారు కూడా తీసుకెళ్ళి, ఊళ్ళో రూమ్ బుక్ చెయ్యి, మధ్యాహ్నం భోజనాలకి, కునుక్కి వ్యాన్. మా అత్తగారికి అలాగే నచ్చింది. సైడ్ డోర్ దగ్గర ఒక మెట్టు, పట్టుకోడానికి హ్యాండిల్ మాత్రం పెట్టించు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఆ ఎత్తు చాలా ఎక్కువ. చిన్న పోర్టబుల్ టాయిలెట్ కొను, రాత్రి రెండింటికి నాలుగేళ్ళ పిల్లాడితో క్యాంప్ గ్రౌండ్ లో నడిస్తే నీకే తెలుస్తుంది.

హ్యూస్టన్_కరెంట్:
కరెంటు సంగతి నేను చెప్తా, అదే నా ఉద్యోగం. బ్యాటరీ మీద ఏసీ అన్న మాట వదిలెయ్యండి బ్రో, ఈ బడ్జెట్ లో కాదు. 100 ఆంప్ అవర్ లిథియం బ్యాటరీ అంటే 1,280 వాట్ అవర్స్. రెండు పెడితే 2,560. రూఫ్ ఏసీ 1,200 నుంచి 1,500 వాట్లు లాగుతుంది, కంప్రెసర్ ఆపకుండా తిరిగితే రెండు గంటలకే ఖాళీ. టెక్సస్ ఆగస్టులో అది ఆగదు. ఎండాకాలం కరెంటు ఉన్న సైట్ బుక్ చేసుకుని 30 ఆంప్ ప్లగ్ కి తగిలించండి, స్టేట్ పార్కుల్లో చాలా చోట్ల ఉంటుంది. మిగతా రోజులకి ఫ్యాన్, 12 వోల్ట్ ఫ్రిజ్, లైట్లు, ఫోన్లు, వీటికి రెండు బ్యాటరీలు ధారాళం. మేఘాలున్న రోజు సోలార్ ని నమ్ముకోకుండా, బండి నడుస్తుంటే ఛార్జ్ అయ్యేలా డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టండి.

మనవాళ్ళు చేసే తప్పు వైర్ దగ్గర. ఇంట్లో 120 వోల్టుల మీద 1,000 వాట్లంటే 8 ఆంప్స్ చిల్లర, అదే 1,000 వాట్లు 12 వోల్టుల మీద 83 ఆంప్స్. అక్క చెప్పిన ఇన్‌స్టంట్ పాట్ ఒక్కటి పెట్టినా బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ కి వేలి లావు కేబుల్ కావాలి, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజ్ ఉండాలి. మా ఫ్రెండ్ ఒకడు ఇంట్లో మిగిలిన వైర్ వాడాడు, మంచం కింద పొగ వచ్చాక తెలిసింది. పిల్లలు పడుకునే మంచం కిందే కదా బ్యాటరీ పెట్టేది, ఇక్కడ పైసలు మిగల్చొద్దు. డెన్వర్ అన్న దగ్గరికి చలికాలం వెళ్తే ఇంకోటి, లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కింద ఛార్జ్ చేస్తే పాడవుతుంది, ఆ చలిలో ఛార్జింగ్ ఆపేసే కట్ ఆఫ్ ఉన్నదే కొనండి.

బరువు కూడా లెక్కేసుకోండి, డ్రైవర్ డోర్ స్టిక్కర్ మీద ఉంటుంది ఎంత మోయగలదో. 20 గ్యాలన్ల నీళ్ళే సుమారు 167 పౌండ్లు.

కూకట్‌పల్లి_నుంచి:
మీరంతా అక్కడ ఎంత హాయిగా మాట్లాడుకుంటున్నారో చూస్తే కడుపు మండుతోంది. నేనూ ఇక్కడ సెకండ్ హ్యాండ్ డెలివరీ వ్యాన్ ఒకటి చూసి, ఇలాగే చేద్దామని ఆర్టీఓ ఏజెంట్ ని అడిగా, ఆయన నవ్వి టీ తాగించి పంపాడు. ఆర్‌సీలో ఉన్న కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదని మోటార్ వెహికల్స్ చట్టం 52వ సెక్షన్ ఉంది కదా, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. గూడ్స్ పసుపు బోర్డు బండిని ఇంటి బండిగా మార్చడం ఒక తలనొప్పి, క్యారవాన్ అనాలంటే ఏఐఎస్-124 (క్యారవాన్లకి ఇక్కడి ప్రమాణం) ప్రకారం అప్రూవల్ ఇంకో తలనొప్పి. చివరికి ఐదు సీట్ల ఈకో కొని, ఏ సీటూ కదపకుండా, వెనక డిక్కీలో పెట్టి తీసే ఒక చెక్క పెట్టె చేయించా మా మేస్త్రీతో. రాత్రికి సీటు ముందుకి మడిచి పెట్టె పలకలు పరిస్తే ఇద్దరికి మంచం. అరకు రెండుసార్లు వెళ్ళొచ్చాం. బోల్టు ఒక్కటి కూడా బిగించలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఫ్రిస్కో అన్నా, మీ ఇన్సూరెన్స్ వాళ్ళకి మాత్రం ముందే చెప్పండి.

ఫ్రిస్కో_బుల్లోడు:
అందరికీ పెద్ద థ్యాంక్స్. అప్‌డేట్ ఏంటంటే బండి అమ్మట్లేదు, ఇంత తిరిగాక మనసొప్పలేదు. అప్‌ఫిట్టర్ దగ్గర కొటేషన్ తీసుకున్నా, రెండు సీట్లు ఫిట్టింగ్ తో 4,600 అన్నాడు, అపాయింట్‌మెంట్ డిసెంబర్ లో దొరికింది. ఏసీ లిస్టులోంచి కొట్టేశా. ఇన్సూరెన్స్ ఏజెంట్ కి ఫోన్ చేస్తే ఆవిడ బిల్లులూ ఫొటోలూ దాచుకోమంది, పని పూర్తయ్యాక పాలసీ మారుస్తారట. హెచ్‌ఓఏ కాగితాలు చదివా, 48 గంటలు అని ఉంది, ప్రస్తుతానికి ఆఫీస్ పార్కింగ్ లో పెడుతున్నా. బిగ్ బెండ్ కి థ్యాంక్స్ గివింగ్ లో కార్లోనే వెళ్తాం, టెంట్ వేసుకుని.

నిన్న రాత్రి ఈ థ్రెడ్ మొత్తం మా ఆవిడకి చదివి వినిపించా. బెంచీ దగ్గర నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. కానీ పొద్దున తనే టేపు పట్టుకుని వ్యాన్ ఎక్కి నేలమీద సీట్లు, మంచం, అన్నీ బ్లూ టేపుతో గీసి, నన్ను అందులో పడుకోబెట్టి కాళ్ళు ఎక్కడికొస్తాయో చూసింది. 5 అడుగుల 11. నిలువు మంచమే. పిల్లలు ఇప్పుడే వాళ్ళ బంక్ లో పడుకుంటాం అని ఒకటే గొడవ, ఉన్నది టేపు గీతే.

ప్లంబర్ స్టీల్ షెల్ఫులు రెండున్నాయి గరాజ్ లో, బాగానే ఉన్నాయి, డల్లాస్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఫ్రీ. ఎత్తడానికి ఇద్దరు రండి.