నోస్ఫెరాటు చూసి నవ్వొచ్చింది, తప్పు మాదా సినిమాదా?

సెకండ్‌షో_శీను:
అందరికీ నమస్తే, కొంచెం సిల్లీ డౌట్ అనిపించొచ్చు, తిట్టకండి. మొన్న శనివారం రూమ్‌లో నలుగురం కూర్చుని పాత హారర్ చూద్దాం అని యూట్యూబ్‌లో నోస్ఫెరాటు పెట్టాం, 1922ది, మూకీ. ఎక్కడ చూసినా హారర్ సినిమాలకి ముత్తాత అని రాస్తారు కదా. పది నిమిషాలు కూడా కాలేదు, ఒకడు నవ్వడం మొదలెట్టాడు, ఇంక ఎవరమూ ఆగలేదు. అందరూ బస్సు మిస్సయిపోతున్నట్టు గబగబా నడుస్తారు, వెనకాల సంబంధం లేని పియానో ఒకటి. అన్నిటికంటే ఆ వ్యాంపైర్ కౌంట్ ఓర్లాక్ శవపేటిక చేతుల్లో పట్టుకుని పట్టపగలు ఊళ్ళో తిరుగుతుంటాడు, మళ్ళీ క్లైమాక్స్‌లో పొద్దున్నే ఎండ తగిలి మాయమైపోయేది కూడా ఆయనే!! ఇదెక్కడి లాజిక్ అండీ.
అసలు అప్పటి జనం వీటికి భయపడ్డారా? ఆ పగలు సంగతి మిస్టేకేనా? 1920లు 30ల హారర్‌లో ఇప్పుడు చూసినా పనిచేసేవి ఏమైనా ఉంటే చెప్పండి, ఏది ముందు చూడాలో కూడా.

రీలుపెట్టె:
శీను, మీరు చూసింది సినిమా కాదు, దాని శవం. ఆ కాపీ బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉందా? అయితే అసలు సమస్య అదే. మూకీల రోజుల్లో ప్రింటుని రంగు నీళ్ళలో ముంచేవాళ్ళు, రాత్రి సీన్లకి నీలం, దీపం వెలుగున్న గదులకి పసుపు, తెల్లవారుజాముకి గులాబీ అలాగన్నమాట. అప్పటి ఫిల్ముతో నిజంగా రాత్రిపూట ఔట్‌డోర్ తీయడం అయ్యే పని కాదు, పగలే తీసేసి ఆ షాట్లకి నీలం వేసేవాళ్ళు. ఓర్లాక్ పెట్టె మోసుకుంటూ తిరిగేది రాత్రే, 1922లో తెర మీద చూసినవాడికి నీలంగా కనపడింది కాబట్టి వాడికి డౌటే రాలేదు. తర్వాత ఎవరో రంగు లేని కాపీ తీశారు, దాన్నుంచి ఇంకోటి, దాన్నుంచి ఇంకోటి, చివరికి మీ యూట్యూబ్‌కి వచ్చింది.
నడక కూడా అంతే. కెమెరా చేత్తో తిప్పేవాళ్ళు, సెకనుకి 24 ఫ్రేములు అనే లెక్క టాకీలు వచ్చాక ఫిక్సయింది, అంతకుముందు 16, 18, 20 ఎంతైనా ఉండేది. దాన్ని 24లో ఆడిస్తే చార్లీ చాప్లిన్ అవుతుంది మరి. (ఒక్క ఆ అడవిలో గుర్రబ్బండి మాత్రం డైరెక్టర్ మూర్నావ్ కావాలనే స్పీడుగా పరిగెత్తించాడు, అక్కడే ఒక షాట్ నెగెటివ్‌లో ఉంటుంది, చెట్లు తెల్లగా ఆకాశం నల్లగా, అది గమనించారా అసలు?)
ఇక ఎండ విషయం. బ్రామ్ స్టోకర్ 1897 నవలలో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు, శక్తి తగ్గుతుంది అంతే. ఎండకి చచ్చిపోవడం ఈ సినిమా కనిపెట్టిందే, ఇవాళ చాలా వ్యాంపైర్ కథల్లో అదే రూలు. అంత అప్పు ఉంది ఈ సినిమాకి మనందరిదీ.
నవల రైట్స్ మాత్రం కొనలేదు. పేర్లు మార్చేస్తే సరిపోతుందనుకున్నారు, డ్రాకులా ఓర్లాక్ అయ్యాడు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ ఊరుకోలేదు, కేసేసింది, ప్రానా ఫిల్మ్ అనే ఆ కంపెనీ ఈ ఒక్క సినిమాతోనే దివాలా తీసింది కాబట్టి డబ్బు రాలేదు, 1925లో కోర్టు ప్రింట్లన్నీ తగలబెట్టమంది. కొన్ని అప్పటికే దేశాలు దాటిపోయాయి, అలా బతికింది. కాలబెట్టమన్న సినిమాని నలుగురు కూర్చుని నవ్వుకుంటూ చూశారంటే అది కూడా అదృష్టమే లెండి.
రంగులతో రిస్టోర్ చేసిన వెర్షన్ దొరుకుతుంది, గంటన్నర. లైట్లు ఆర్పేసి, ఒక్కరే.

చింతచెట్టు_దెయ్యం:
రీలుపెట్టె గారూ ప్రింటు మీద తోసేస్తే ఎలా అండీ 😄 నేను ఆ నీలం ప్రింటు కూడా చూశాను, సగం బోరే. నవ్వు రావడంలో తప్పేం లేదు శీను, అసలు ఈ జానర్ పుట్టిందే నవ్వించడానికి. 1896లో మెలియెస్ అనే ఫ్రెంచాయన తీసిన మూడు నిమిషాల సినిమా ఉంది, గబ్బిలం ఎగిరొచ్చి సైతాన్‌గా మారుతుంది, అస్థిపంజరం వస్తుంది, శిలువ చూపిస్తే పారిపోతాడు. ఆయన స్టేజి మెజీషియన్, జనాన్ని అబ్బో అనిపించడమే పని. ఎడిసన్ కంపెనీ 1910లో పావుగంట ఫ్రాంకెన్‌స్టైన్ తీసింది, అందులో భూతం తయారయ్యేది ఎలాగంటే ఒక బొమ్మని తగలబెట్టి ఆ ఫిల్ముని రివర్స్‌లో ఆడించారు, బూడిదలోంచి కండలు పట్టుకుంటున్నట్టు ఉంటుంది. మన మాయాబజార్‌లో లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీఆర్ నోట్లోకి పోతాయి కదా, జాతి అదే. అక్కడ భయపడ్డామా, చప్పట్లు కొట్టామా?
భయం అనేది జర్మనీలో మొదలైంది, 1920లో వచ్చిన కాలిగరి అనే సినిమా దగ్గర. అక్కడ ట్రిక్కులు లేవు, గుడ్డ మీద, చెక్క మీద పెయింటేసిన వంకర ఇళ్ళు, నేల మీద నీడలు కూడా పెయింటే!! ఒక పిచ్చివాడి బుర్రలో కూర్చోబెట్టినట్టుంటుంది. నిద్రలో నడిచే సీజర్‌గా కాన్రాడ్ వైట్ మొదటిసారి కళ్ళు తెరిచే క్లోజప్ ఉంటుంది, దానికి మాత్రం మీ రూమ్‌లో ఎవడూ నవ్వడు, బెట్.
ఒక్క మాట, 1931 డ్రాకులా జోలికి మాత్రం పోకండి. మొదటి ఇరవై నిమిషాలు కోట, మెట్లు, సాలెగూళ్ళు, సూపరు. తర్వాత లండన్ వచ్చాక డ్రాయింగ్ రూమ్‌లో నిలబడి మాట్లాడుకుంటూనే ఉంటారు.

పాప్‌కార్న్_పద్మ:
ఆ 1931 డ్రాకులాగా వేసిన బేలా లుగోసీని ఏమన్నా అంటే ఊరుకోను చెప్తున్నా. ఆ హంగేరియన్ యాస, ఒక్కో మాట మధ్య ఆగడం, కళ్ళ మీద మాత్రమే పడే ఆ సన్నటి లైటు... ఇప్పటికీ డ్రాకులా అని మిమిక్రీ చేసే ప్రతివాడూ చేసేది ఆయన గొంతే కదా. ఆ పాత్రకి ఆయనకిచ్చింది వారానికి 500 డాలర్ల చొప్పున 7 వారాలు. జీవితాంతం ఆ డ్రాకులా పేరు వదల్లేదు, 1956లో పోతే డ్రాకులా కేప్‌తోనే పూడ్చారు.
మ్యూజిక్ లేకపోవడం వల్ల బోర్ అనిపిస్తుంది, అది ఒప్పుకుంటా. టైటిల్స్‌లో స్వాన్ లేక్ బాలే సంగీతం ఒక్క ముక్క, తర్వాత దాదాపు సైలెన్సే. మూకీకి ప్రతి హాల్లో ఎవరో ఒకరు వాయించేవాళ్ళు, మాట రాగానే వాద్యం పోయింది, చిత్రం కదా.
చింతచెట్టు గారూ మీరు స్పానిష్ డ్రాకులా చూడండి. అదే సెట్లలో పగలు ఇంగ్లీషు వాళ్ళు తీసేసి వెళ్ళిపోతే రాత్రి స్పానిష్ టీమ్ దిగేది. డబ్బింగ్ ఇంకా సరిగ్గా రాని రోజులు అవి. కెమెరా మాత్రం వీళ్ళదే బాగా కదులుతుంది.

నైట్‌డ్యూటీ_బాబాయ్:
ఆలస్యంగా చూశాను, డ్యూటీలో ఉన్నా. ఇంత మాట్లాడి కార్ల్ ఫ్రాయిండ్ పేరు ఒక్కరూ ఎత్తలేదేంట్రా. జర్మనీలో 1920 గోలెమ్‌కి కెమెరామన్ ఈయనే, తర్వాత మెట్రోపాలిస్‌కి పనిచేశాడు, ఆపైన హాలీవుడ్ వచ్చి ఈ లుగోసీ డ్రాకులాకి కెమెరా పట్టాడు, 1932లో ద మమ్మీకి ఏకంగా డైరెక్టర్. బెర్లిన్ నీడ హాలీవుడ్‌కి నడిచొచ్చింది అంటే ఇలా మనుషుల కాళ్ళ మీద నడిచొచ్చింది.
శీనూ, ఇప్పటికీ పనిచేసేది ఏదీ అన్నావు, నన్నడిగితే 1931 ఫ్రాంకెన్‌స్టైన్, జేమ్స్ వేల్‌ది. టైటిల్స్‌లో భూతం పాత్ర ఎదురుగా పేరుండదు, ప్రశ్నార్థకం ఉంటుంది. బోరిస్ కార్లాఫ్‌కి అప్పుడు 43 ఏళ్ళు, బోలెడు చిన్న వేషాలు వేసి ఉన్నాడు, పేరు ఎవడికీ తెలీదు. జాక్ పియర్స్ రోజూ ఇంచుమించు నాలుగ్గంటలు మేకప్ వేసేవాడు, కార్లాఫ్ తన కట్టుడు పళ్ళు తీసేసి ఒక బుగ్గ లోపలికి పోయేలా చేశాడు, ఆ లొట్ట మేకప్ కాదు.
అందులో చెరువు సీను. చిన్నపిల్ల పూలు నీళ్ళలోకి విసురుతుంటే తేలుతాయి, వాడు కూడా విసురుతాడు, పూలు అయిపోతాయి, పిల్ల కూడా తేలుతుందనుకుని... అది తెలీనితనం. సెన్సారోళ్ళు ఆ విసిరే ముక్క కోసేశారు, వాడు పిల్ల వైపు చేతులు చాపడంతో కట్. తర్వాత తండ్రి శవాన్ని మోసుకుంటూ ఊళ్ళోకి వస్తాడు. మధ్యలో ఏం జరిగిందో జనం వాళ్ళ బుర్రల్లో వాళ్ళే తీసుకున్నారు, సినిమాలో ఉన్నదానికంటే ఘోరంగా. 1980ల్లో ఆ ముక్క మళ్ళీ అతికించారు.
దాని తర్వాత జెకిల్ అండ్ హైడ్ చూడు, అదే సీజన్‌లో వచ్చిన డైరెక్టర్ మమూలియన్‌ది. కట్ లేకుండా మొహం మన కళ్ళ ముందే మారిపోతుంది. గ్రాఫిక్స్ లేవు. మొహానికి ముందే రంగు మేకప్ వేసేస్తారు, లెన్సు ముందు అదే రంగు ఫిల్టర్ ఉన్నంతసేపు కనపడదు, ఫిల్టర్ మెల్లగా జరుపుతుంటే మడతలూ నలుపూ బయటికొస్తాయి. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి ఫిల్టర్ మారిందని మనకి తెలీదు. కలర్ సినిమాలో ఈ పని చెయ్యి చూద్దాం. ఫ్రెడ్రిక్ మార్చ్‌కి ఆస్కార్ వచ్చింది దానికి.
ఆర్డర్ అంటావా, కాలిగరి, నోస్ఫెరాటు (నీలంది), ఫ్రాంకెన్‌స్టైన్, జెకిల్. డ్రాకులా పద్మమ్మ కోసం చూడు.

సెకండ్‌షో_శీను:
థాంక్స్ అందరికీ, బాబాయ్ గారూ స్పెషల్ థాంక్స్. నిన్న రాత్రి రంగులది దొరికింది, ఇంట్లో లైట్లు ఆర్పి ఒక్కడినే పెట్టా. నీలంలో ఆ పెట్టె సీను వేరే సినిమాలా ఉంది, నిజం. ఓడలో పెట్టెలోంచి చెక్కలాగా బిగుసుకుపోయి నిలువుగా లేస్తాడు చూడండి, అక్కడ పాజ్ కొట్టి లైటేశా, ఎవరికీ చెప్పకండి. మొదటిసారి దానికి నవ్వింది నేనే.
మెట్ల మీద నీడ ఎక్కే సీనుకి మా అమ్మ మంచినీళ్ళకి లేచొచ్చి నా వెనక నిలబడి చూసింది. "ఎవర్రా ఆ గోళ్ళాయన, కత్తిరించుకోడా" అని వెళ్ళిపోయింది.
కాలిగరి ఈ శనివారం, రూమ్‌లో నలుగురితోనే. బెట్ గుర్తుంది చింతచెట్టు గారూ.