2 అంగుళాల లిఫ్ట్ మీద 285 టైర్లు పడతాయా? ఎక్కడెక్కడ రాసుకుంటాయి?

బురదబాట:
అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు, కాస్త పొడుగవుతుంది ఓపిక పట్టండి.

నాది ల్యాడర్ ఫ్రేమ్ (బాడీ కింద విడిగా నిచ్చెనలాంటి చట్రం) ఫోర్ బై ఫోర్, ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది కదులుతాయి), వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి). సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. పాతాయన 2 అంగుళాలు లిఫ్ట్ చేయించి, అంటే సస్పెన్షన్ దగ్గర బండి ఎత్తు పెంచి, టైర్లు మాత్రం కంపెనీవే వదిలేశాడు, 265/70 ఆర్17 (వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 17 అంగుళాలు). చూస్తుంటే పొడుగాటి మనిషికి పిల్లల చెప్పులు తొడిగినట్టుంది. ఎలాగూ అవి అరిగిపోయాయి కాబట్టి ఇప్పుడు ఆల్ టెరైన్‌కి (తారుకీ మట్టికీ రెంటికీ పనికొచ్చే టైరు), అది కూడా 285/70 ఆర్17కి వెళ్దామని ఆశ.

వాడకం చెప్తా: నెలంతా చూస్తే ఎక్కువ తారు రోడ్డే, వారాంతాల్లో కంకర దారి, రాళ్ల గుట్టలు, వాన పడితే బురద. అప్పుడప్పుడు నలుగురం సామాన్లతో ఫుల్ లోడ్.

టైర్ల షాపాయన "లిఫ్ట్ ఉందిగా సార్, కళ్లు మూసుకుని పడతాయి" అన్నాడు. ఆ కళ్లు మూసుకోవడం దగ్గరే నాకు డౌటు. ఉన్న రిమ్ములకే వేయొచ్చా, కొనకముందే రాసుకుంటుందో లేదో తెలుసుకునే దారేమైనా ఉందా, ఆల్ టెరైన్ చాలా లేక మడ్ టెరైన్‌కి (బురద కోసం చేసిన పెద్ద దిమ్మెల టైరు) వెళ్లాలా, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి అన్నా.

పాతగేరు:
తమ్ముడూ, లిఫ్ట్ ఉంది కాబట్టి పడతాయి అనే మాట సగమే నిజం. బండి నిలబడి ఉన్నప్పుడు ఆర్చ్‌కీ (చక్రం పైన బాడీ వంపు) టైరుకీ మధ్య ఖాళీ పెరిగింది, ఒప్పుకుంటా. కానీ చక్రం గుంత అంచుకి కొట్టుకుని పూర్తిగా పైకెళ్లినప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పేది బంప్ స్టాప్, స్ప్రింగు కాదు. బంప్ స్టాప్ మార్చకపోతే పెద్ద టైరు కూడా పాత టైరు ఎంత పైకి వెళ్లేదో అంతే పైకి వెళ్తుంది, ఇప్పుడు అక్కడ చోటు మాత్రం తక్కువ. షాపు ముందు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి "చూశారా ఎక్కడా తగల్లేదు" అంటారే, దానికి అర్థం లేదన్నమాట.

లెక్క చూడు. 265/70 ఆర్17 ఎత్తు దాదాపు 803 మిల్లీమీటర్లు, 285/70 ఆర్17 ఎత్తు 831. తేడా 28, అంటే చుట్టూతా 14 పెరుగుతుంది. వెడల్పు 20 పెరిగింది, అదే రిమ్ మీద లోపలికి 10, బయటికి 10. వెనక డిఫ్ (డిఫరెన్షియల్, యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండు) కింద నీకు దక్కే క్లియరెన్స్ కూడా ఆ 14 మిల్లీమీటర్లే. 2 అంగుళాల లిఫ్ట్ ఆ వెనక డిఫ్‌ని నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేపదు, అది బాడీని లేపుతుంది, వెనక సాలిడ్ యాక్సిల్‌ని లేపేది టైరొక్కటే.

నేను ఇవేం చూసుకోకుండా 285 వేయించా. తారు రోడ్డు మీద వారం రోజులు మహారాజులా తిరిగా. తర్వాత ఒక వాగు ఎక్కుతూ ఎడమకి ఫుల్‌గా కట్ చేస్తే కుడి ముందు చక్రం దగ్గర గరగరమని శబ్దం, వెంటనే కాలిన రబ్బరు వాసన. దిగి చూస్తే ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద నెలవంకలా నున్నగా అరిగిన మచ్చ, దాని వెనక బాడీ మౌంట్ (బాడీని ఫ్రేమ్‌కి బిగించే చోటు) ఇనుప అంచు టైరు భుజం మీద నాలుగు రబ్బరు దిమ్మెల్ని చెక్కేసింది. లైనర్‌కి తగిలితే హీట్ గన్‌తో వెనక్కి నొక్కుకోవచ్చు, మడ్ ఫ్లాప్ అయితే విప్పి పారేయొచ్చు, బాడీ మౌంట్ అయితే మాత్రం కోసి వెల్డింగ్ చేయడమే. నేను అదే చేయించా, చేయించి తిట్టుకున్నా.

కొనకముందు తెలుసుకునే పద్ధతి ఉంది. పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి మట్టి ఉంటుంది చూడు, దాన్ని ఉండలు చేసి లైనర్ వెనక వైపు, బాడీ మౌంట్ మీద, ముందు బంపర్ మూల దగ్గర, పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే పై చెయ్యి) మీద అతికించు. ఒక ముందు చక్రాన్ని రాయి మీదకో గట్టు మీదకో బాగా ఎక్కించి, ఇంకొకర్ని పక్కన నిలబెట్టి, స్టీరింగ్‌ని నిదానంగా ఈ లాక్ నుంచి ఆ లాక్‌కి, అంటే ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు. తర్వాత ఆ ఉండలు నలిగాక ఎంత మందం మిగిలాయో స్కేలుతో కొలువు, అదే నీకు మిగిలిన ఖాళీ. ట్రెడ్ వైపు 14 పోగా, లోపలి పక్క 10 పోగా, ఇంకో 10 మిల్లీమీటర్లన్నా మిగిలితేనే 285 జోలికి వెళ్లు. బురద అంటుకున్న టైరు అసలు టైరు కన్నా లావు, అది మర్చిపోకు. ఇంకోటి, సైజు అంకె ఒకటే అయినా కంపెనీ కంపెనీకీ నిజం ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు తేడా ఉంటుంది, కొనేముందు ఆ మోడల్ స్పెసిఫికేషన్ షీటులో చూసుకో.

పానాపట్టు:
అన్న కొలతలు బాగా చెప్పారు, నేను చేతిపని సంగతి చెప్తా, రోజూ బళ్ల కింద పడుకునేవాణ్ణే కాబట్టి.

ముందు ఆ లిఫ్ట్ ఏం లిఫ్టో చూడండి బ్రో. స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన భాగం) పైన గుండ్రటి స్పేసర్ పెట్టారా, లేక స్ప్రింగులే మార్చారా? స్పేసర్ అయితే అది ఒక అంగుళమే ఉంటుంది, ఆర్మ్ లీవరేజీ వల్ల చక్రం దగ్గర దాదాపు రెండవుతుంది. యాక్సిల్ బూట్ల (ముందు ఇరుసు కీళ్ల మీది రబ్బరు తొడుగుల) మడతలు చేత్తో విప్పి చూడండి, యాంగిల్ పెరిగాక మడత మడతకి రాసుకుని సన్న పగుళ్లొస్తాయి, గ్రీజు చిమ్మిందంటే మాత్రం ఆలస్యం అయిపోయినట్టే. టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు (స్టీరింగ్, సస్పెన్షన్ కీళ్లు) ఆట, అంటే వదులు ఉంటే టైర్లకన్నా ముందు అవే మార్చాలి, బరువైన టైరు ఉన్న కాస్త ఆటని పెద్దది చేస్తుంది.

రెండోది అలైన్‌మెంట్. ముందు ఇండిపెండెంట్ ఉన్న బండి లేపితే మామూలుగా క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ వదిలితే మధ్యకి రాదు, స్పీడులో తేలిపోతున్నట్టుంటుంది. కింది ఆర్మ్ క్యామ్ బోల్టులతో (తిప్పితే ఆర్మ్ జరిగే బోల్టులు) క్యాస్టర్ పెంచితే చక్రం కొన్ని మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది, మీ బాడీ మౌంట్ బాధ అక్కడే సగం తీరొచ్చు. చాలామంది టైరేసి, రాసుకుంటే గ్రైండర్ తీస్తారు. అలైన్‌మెంట్ చేసి, కొలిచి, అప్పుడు టైరు కొంటే గ్రైండరు పనే ఉండకపోవచ్చు.

రిమ్ముల గురించి. 285/70 ఆర్17కి రిమ్ వెడల్పు 7.5 నుంచి 9 అంగుళాల మధ్య ఉండాలి, కంపెనీ రిమ్ 7.5 అయితే పడుతుంది. లోపల ఆర్మ్‌కి తగులుతుంటే ఆఫ్‌సెట్ (రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో ఆ కొలత) తక్కువున్న రిమ్ వేస్తారు. ఉదాహరణకి 7.5 అంగుళాలు ఆఫ్‌సెట్ 30 ఉన్నది తీసి 8 అంగుళాలు ఆఫ్‌సెట్ 15 వేశారనుకోండి, లోపల 9 మిల్లీమీటర్లు ఖాళీ దొరుకుతుంది కానీ బయటికి 21 పొడుచుకొస్తుంది, తిప్పినప్పుడు టైరు పెద్ద వంపు కొడుతుంది, ఇంతవరకూ తగలని బంపర్ మూల తగలడం మొదలవుతుంది. లోపల దొరికింది బయట కట్టాలన్నమాట. స్టీరింగ్ గుంతలో చెయ్యి లాగేస్తుంది, బేరింగుల మీద భారం అదనం.

బిగించేటప్పుడు: కొత్త రిమ్ అయితే నట్టు కూర్చునే చోటు కోనా, గుండ్రమా, చదునా చూసి దానికి తగ్గ నట్లే వాడండి. నట్లు బిగించే గన్‌తో చివరిదాకా కొట్టనివ్వొద్దు, చేత్తో పట్టించి నక్షత్రంలా ఎదురెదురు నట్లు తిప్పి, మీ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (ఎంత బిగువు ఉండాలో ఆ అంకెకి) రెంచితో బిగించమనండి. 80, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ చూడండి. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడులో చివరి నాలుగంకెలు కూడా చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 0822 అంటే 2022 ఎనిమిదో వారం. కొత్త టైరని చెప్పి గోడౌన్‌లో ముసలిదైపోయింది అంటగడతారు.

సన్నచక్రం:
నేనొక అడ్డ ప్రశ్న వేస్తా, తిట్టుకోకండి. 285 ఎందుకు కావాలి? ఎత్తు కోసమా, వెడల్పు కోసమా? ఎత్తే కావాలంటే 255/80 ఆర్17 ఉంది, దాని ఎత్తు 840, అంటే మీ 285 కన్నా ఎక్కువే, వెడల్పేమో మీ ఇప్పటి టైరు కన్నా 10 తక్కువ. లోపల ఆర్మ్ దగ్గర ఖాళీ పెరుగుతుంది, తిప్పినప్పుడు మూలలు తగలడం తగ్గుతుంది. అందరూ వెడల్పు టైరంటే ఎక్కువ పట్టు అనుకుంటారు. నేల మీద ఆనే చోటు ఎంత అన్నది ఎక్కువగా బరువూ గాలీ కలిసి తేలుస్తాయి, వెడల్పు టైరుకి ఆ మచ్చ అడ్డంగా ఉంటుంది, సన్న టైరుకి నిలువుగా ఉంటుంది, అంతే తేడా. లోతైన ఇసుకే రోజూ తిరిగేవాడికైతే వెడల్పు వైపు వెళ్లమంటా, మీ వాడకానికి అవసరం కనబడట్లేదు.

మడ్ టెరైన్ సంగతి, తారు రోడ్డు ఎక్కువ అన్నారు కాబట్టి వద్దు. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఆల్ టెరైన్‌లో ఉండే సన్న గాట్లే కాపాడతాయి, మడ్ టెరైన్ దిమ్మెలకి అవి తక్కువ. మోత కూడా అంతా ఇంతా కాదు, పాటలు పెట్టుకుంటే టైరే కోరస్ పాడుద్ది. జిగురు బురదలో ఆల్ టెరైన్ దిమ్మెల మధ్య గాడులు పూడుకుపోయి లడ్డూలా అవుతుంది, నిజమే, అప్పుడు గాలి దించి కాస్త చక్రం తిప్పి విదిలించుకోవాలి.

బరువు చూసుకోండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. నా పాత టైరు రిమ్ముతో సహా తూకం వేస్తే 31 కిలోలు, మందపాటి ఇ లోడు రేంజిది (లోడు రేంజి అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం, సి కన్నా ఇ గట్టిది) వేశాక 40. చక్రానికి 9 కిలోలు, అదీ తిరిగే బరువు, పికప్ దగ్గరా బ్రేకు దగ్గరా తెలుస్తుంది. సి లోడు రేంజి దొరికితే మీ బండికి అదే నయం. ఎల్‌టి (లైట్ ట్రక్) టైర్లలో ఎలాగూ గాలి కాస్త ఎక్కువ పెట్టాలి, మామూలు టైరు 35 పిఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత)లో మోసే బరువుని అవి 35లో మోయలేవు. సి పూర్తి లోడుకి 50, ఇ పూర్తి లోడుకి 80 పిఎస్‌ఐ లెక్క. డోర్ మీద స్టిక్కరు పాత టైరుది, దాన్ని అలాగే ఫాలో అవ్వొద్దు. టైరు కంపెనీ లోడు పట్టిక చూసి కనీసం ఎంతో తెలుసుకుని, అక్కణ్ణించి సుద్దముక్కతో ట్రెడ్‌కి అడ్డంగా గీత గీసి తిన్నగా పది మీటర్లు పోనిచ్చి చూడండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. ఫుల్ లోడ్‌కి వెళ్లే రోజు ఇంకొంచెం కలపండి.

పాతగేరు:
సన్నచక్రం మాట నాకు నచ్చలేదు గానీ కాదనలేను 😄 చూడ్డానికి 285 దర్జానే వేరు. ఆ దర్జాకి నా బాడీ మౌంట్ బలైంది, అది వేరే విషయం.

బురదబాట, స్పీడోమీటర్ ఒకటి గుర్తు పెట్టుకో. 285 వేస్తే 100 చూపించినప్పుడు నిజంగా 103.5లో ఉంటావు, 255/80 అయితే 104.6. ఓడోమీటర్ కూడా అంతే తక్కువ తిరుగుతుంది, అందుకే కొత్త టైర్లేశాక మైలేజీ పడిపోయిందని గోల పెట్టేవాళ్లలో సగం మంది ఆ శాతం కలుపుకోరు. మిగతా సగం నిజంగానే పడిపోతుంది అనుకో. గేరింగు కూడా ఆ మేరకు పొడుగవుతుంది, 3.9 గేరు నిష్పత్తి ఉన్న డిఫ్ 285తో 3.77లా నడుస్తుంది, గుట్ట ఎక్కేటప్పుడు ఒక గేరు ముందే దించాలి.

బురదబాట:
మూడు వారాలైంది, చెప్పకుండా మాయమైతే మర్యాద కాదని వచ్చా.

మట్టి ఉండలు అతికించి గట్టెక్కించా, మా బావమరిది పక్కన కూర్చుని కేకలేస్తూ. పై ఆర్మ్ దగ్గర 9 మిల్లీమీటర్లే మిగిలింది, అంటే కంపెనీ రిమ్ మీద 285 లోపలికి 10 పెరిగితే ఆర్మ్‌ని ముద్దు పెట్టుకునేదే. లైనర్ వెనక 22. పానాపట్టు చెప్పినట్టు ముందు అలైన్‌మెంట్‌కి వెళ్లా, క్యాస్టర్ పెంచాక మళ్లీ కొలిస్తే ఆ 22 కాస్తా 30 అయింది. ఎడమ యాక్సిల్ బూట్ మడతలో పగుళ్లు కూడా దొరికాయి, అదీ మార్పించేశా.

చివరికి 255/80, సి లోడు రేంజి, పాత రిమ్ముల మీదే. చుట్టూ 18.5 పెరిగినా వెనక 11 మిగిలింది. అదే గట్టు మీద అదే లాక్‌కి తిప్పా, చప్పుడు లేదు. సుద్ద గీత 35లో అంచులే చెరిగింది, పట్టికలో నా లోడుకి 38 వచ్చింది, 40 పెడితే గీత అడ్డంగా సమానంగా చెరిగింది, అక్కడే ఉంచా. 60 దగ్గర స్టీరింగ్ కాస్త వణికితే మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించా, ఒక చక్రానికి బరువు ఎగిరిపోయి ఉంది.

ఒక్కటే తంటా, ఐదో టైరు బండి కింద స్టెప్నీ గూట్లో దూరట్లేదు, వెనక అడ్డపట్టీకి తగులుతోంది. ప్రస్తుతానికి డిక్కీలో పడుకుంది, సామానంతా దాని మీదే. పాత 265 స్టెప్నీగా ఉంచేసుకోనా?

పానాపట్టు:
వద్దు బ్రో. పంచరైతే టూ వీల్‌లో నెమ్మదిగా, వెనక యాక్సిల్‌కి కాకుండా ముందుకి వేసుకుని ఇంటికి రావడానికి సరే, ఫోర్ వీల్ పెట్టారంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకి శక్తి పంచే గేరు పెట్టె) ఏడుస్తుంది, వెనక డిఫ్‌లో రెండు వైపులా వేరే సైజులున్నా అంతే. పెద్ద స్టెప్నీలో గాలి 15కి దించి గూట్లోకి లాగి చూడండి, మెత్తబడితే చాలాసార్లు ఆ అర అంగుళం దూరిపోతుంది. దూరితే బండిలో కంప్రెసర్ లేకుండా బయల్దేరొద్దు.

బురదబాట:
దూరింది అన్నా! చివర్లో కాలితో తన్నాల్సొచ్చింది.